గంజాయి కమిటీకి నా కాపలా

ఏ నేరమూ చేయని ఇరవై ఆరుగురి చేత నేరం ఒప్పించిన ఘనుడు మన పోలీసుల్లో కూడా ఉండకపోవచ్చు. ఆ ఘనత నాది. లాఠీ ఎత్తలేదు, గొంతు పెంచలేదు. బతిమాలి, చాయ్ తాగించి మరీ ఒప్పించాను. ఇరవై ఏడోవాణ్ని కూడా నేనే. నవ్వాలనిపిస్తే మొహమాటపడకండి, మా ఆవిడ రెండేళ్లుగా నవ్వుతూనే ఉంది.

గంజాయి చట్టాన్ని మార్చాలా, మందులకూ నారకూ పనికొచ్చే రకాలకు అనుమతి ఇవ్వొచ్చా అని సలహా చెప్పడానికి సర్కారు ఐదుగురితో ఒక కమిటీ వేసింది. ఒక రిటైర్డు జడ్జి దానికి పెద్ద. వేశాక సర్కారుకు అనుమానం పట్టుకుంది, వీళ్లు దారి తప్పితేనో అని. వాళ్ల మీద కన్నేసి ఉంచడానికి ఒక పర్యవేక్షకుణ్ని పెట్టింది. కరీంనగర్‌లో ఫైళ్లు కుట్టుకుంటూ బతుకుతున్న నన్ను!

ఆ ఉత్తర్వు అందిన రోజు నుంచి నా నడకే మారిపోయింది. కమిటీ ఎవరి దగ్గరా ఏమీ పుచ్చుకోకూడదని నిబంధన. ఆదిలాబాద్ పక్క ఊళ్లో ఒక రైతు ఇచ్చిన సీతాఫలాన్ని జడ్జిగారు విప్పబోతుంటే, "సార్, కానుకలు తీసుకోవద్దు" అన్నాను. పాపం, అంత పెద్దాయన పండును బుద్ధిగా తిరిగిచ్చేశారు.

ఆ ఊళ్లోనే కొంప మునిగింది. పత్తి ఏటేటా మోసం చేస్తోందనీ, నార రకానికి అనుమతి వస్తే వేసుకుంటామనీ చెప్పడానికి రైతులు బడి దగ్గరికి వచ్చారు. అందరూ చక్కగా మాట్లాడారు. హాజరు సంతకాలు అడిగేసరికి మాత్రం చేతులు వెనక్కి పోయాయి.

"గంజాయి ముచ్చటకు సంతకమా? రేపు పట్కపోతే?" అంది భీంబాయి. రెండెకరాల పత్తి రైతు, ఊళ్లో అందరూ ఆమె మాటే వింటారు.

"ఉత్త హాజరేనవ్వా. వచ్చిన్రు, మాట్లాడిన్రు, గంతే."

"గట్లయితే ముందుగాల నువ్వు పెట్టు బిడ్డా. నీ ఎన్క మేం పెడ్తం."

పెట్టాను. మొట్టమొదటి గీత మీద, పూర్తి పేరుతో, ఊరు, ఇంటి చిరునామాతో సహా. నన్ను నమ్మి ఇరవై ఆరుగురు పెట్టారు.

ఇక్కడ మా ఆఫీసు ఆచారం ఒకటి మీకు చెప్పాలి. ఒక వైపు తెల్లగా ఉన్న ఏ కాగితాన్నీ మేం పారేయం. చిత్తు రాతకు వాడుకోమని ఎక్సైజు వాళ్లిచ్చిన పాత ఫారాల కట్ట ఒకటి మా బీరువాలో ఉండేది. హాజరు పట్టీ గీసింది దాని వెనుక వైపే. ముందు వైపు ఏముందో నేనెప్పుడైనా చదివితే కదా!

మర్నాడు ఆఫీసులో కంప్యూటర్ చూసుకునే షబానా అడిగింది, "సార్, రెండు దిక్కులా స్కాన్ చెయ్యాల్నా?"

"సర్కారు పని షబానా, సగం సగం చేస్తమా?" అన్నాను దర్జాగా. ఒక నకలు ఎక్సైజు ఆఫీసుకూ పంపించాను. అది కూడా మా ఆచారమే, సంబంధం ఉన్నా లేకున్నా అందరికీ నకలు పంపడం.

నాలుగో రోజు పొద్దున మా ఇంటి ముందు జీపు ఆగింది. ఎక్సైజు ఎస్సై నా పేరు చదివి, "మీరేనా? ఒకటో నంబరు మీదే ఉన్నది" అన్నాడు.

"దేంట్ల ఒకటో నంబరు?" అంది మా ఆవిడ, నాకేదో బహుమతి వచ్చిందన్న ఆశతో.

ఎస్సై ఫారం ముందు వైపు చదివాడు: "గంజాయి సాగు చేసి పట్టుబడ్డ మేము తప్పు ఒప్పుకుంటూ, మళ్లీ చేయబోమని వెనుక వైపు సంతకాలతో హామీ ఇస్తున్నాము."

జీపులో వచ్చినవాళ్లు డాబా మీద వెతికి, పుదీనా కుండీ వాసన చూసి దిగారు. "నీ మొకానికి పుదీనే సక్కగ మొలుస్తలేదు, గంజాయి పెంచుడా?" అంది మా ఆవిడ. ఆ మాటే సాక్ష్యంగా నన్ను వదిలిపెట్టారు.

కానీ అదే ఫారం ఆ ఊరికీ చేరిందని, సర్కారు పథకాలన్నీ బంద్ అవుతాయని ఇరవై ఆరిళ్లలో ఏడుపులు మొదలయ్యాయని తెలిసి నాకు నవ్వు చచ్చిపోయింది. కంచే చేను మేస్తే అంటారే, నేను చేనును మేసి కంచెను కూడా నమిలాను. పరుగున పోయి జడ్జిగారి కాళ్ల మీద పడ్డంత పని చేశాను.

ఆయన కాగితాన్ని ముందూ వెనుకా తిప్పి చూసి, "మమ్ముల కనిపెట్టనీకి నిన్ను పెట్టిన్రు. నిన్ను కనిపెట్టనీకి ఎవలను పెట్టిన్రయ్యా?" అన్నారు. అని, ఎక్సైజుకు ఉత్తరం రాసి, ఆ ఫారం రద్దు చేయడానికి వాళ్లు ఒప్పుకున్నాక నన్ను వెంటబెట్టుకుని ఆ ఊరికి కదిలారు. రైతులు తప్పేమీ చేయలేదని రాసిన కొత్త కాగితం మీద మళ్లీ అందరి సంతకాలూ కావాలి.

భీంబాయి ఆ కాగితాన్ని ఎండకు పట్టి చూసింది. "సదువు" అంది. చదివాను.

"ఎన్కది సదువు."

"ఎన్క ఏం లేదవ్వా."

"ఏం లేదనే సదువు."

ఊరందరి ముందు తెల్ల కాగితం పైకెత్తి, "ఏమీ లేదు" అని గట్టిగా చదివాను. అప్పుడు సంతకం పెట్టింది. పథకాలేవీ ఆగవని జడ్జిగారు చెప్పాక, నా చేతిలో రెండు సీతాఫలాలు పెట్టి, "భయపడ్డట్టున్నవ్, తిను" అంది. నా కళ్లు చెమర్చాయి. ఒకటి జడ్జిగారికిచ్చి, ఆయన విప్పుతుంటే నేను అటు తిరిగి నిలబడ్డాను.

కమిటీ తన నివేదిక ఇచ్చేసింది. చట్టం సంగతి సర్కారు ఇంకా ఆలోచిస్తూనే ఉంది. నివేదికలోని ఒక్క సిఫారసు మాత్రం వారంలోనే అమలైంది: పర్యవేక్షకుడికి రెండు వైపులా తెల్లగా ఉండే కాగితాలు ఇవ్వాలి.

అలా వచ్చిన తెల్ల కాగితాల కట్టలోని మొదటి కాగితం మీదే నా ప్రతిజ్ఞ రాసుకున్నాను. ఈ జన్మలో వెనుక వైపు చదవకుండా ఏ కాగితం మీదా సంతకం పెట్టను, పెట్టించను, పెళ్లిపత్రికైనా సరే తిప్పి చూడకుండా కదలను. కింద సంతకం చేయబోతుంటే మా ఆవిడ కాగితం లాక్కుని, తిప్పి చూసి, "ఇగ పెట్టు" అంది.