నా దుర్భిణిలో యాదగిరి చూసిన గద్ద

చేపల గద్ద నీళ్లలోకి దూకడం చూడాలని మూడు చలికాలాలుగా ఆదివారాలు మూసీ ఒడ్డున కాపు కాస్తున్నాను. ఈ రోజు పొద్దున్నే మా నాంపల్లి ఆఫీసులో కొత్త గుమస్తా యాదగిరి సరదాకి వెంట వచ్చాడు. "జర ఇయ్యిన్రి సార్, చూస్త" అంటే దుర్భిణి ఇచ్చాను. గద్ద అప్పుడే దూకింది. దుర్భిణి నా చేతికొచ్చేసరికి నీళ్ల మీద అలలే మిగిలాయి.

తర్వాత ఆబిడ్స్‌లో చాయ్ తాగుతుంటే మా ఆఫీసువాళ్లు కలిశారు. యాదగిరి మొదలుపెట్టాడు.

"గింత పెద్ద చేప. పట్టినంక గాలిలనే దాని తలకాయ ముంగటికి తిప్పుకున్నది. ఔ గద సార్?"

నేను చూడకపోయినా "ఔ" అన్నాను. చేప ఎంత పొడుగో నేనే చేతులు చాచి చూపించాను కూడా.

వచ్చే ఆదివారం మళ్లీ వస్తాడట. దుర్భిణి పాడైందని చెప్పేయనా?