ఉరి తీసిన రోజు మా వీధి మగ్గాలు

హిందూపురంలో రైలెక్కేసరికి ఫోనులో వార్త వచ్చేసింది. తెల్లవారుజామున అతన్ని ఉరి తీశారట. ఏళ్ల కిందట మా ప్రాంతపు నాయకుణ్ణి బాంబు వేసి చంపిన కుట్రలో శిక్ష పడిన మనిషి అతను. ధర్మవరంలో మా వీధివాడే, మా ఇంటికి నాలుగిళ్ల అవతల నేసేవాడు. బాంబు అతను వేయలేదు. నాయకుడు వేదిక ఎప్పుడు ఎక్కుతాడో వేసేవాళ్లకు ఫోనులో చెప్పాడు, అంతే. వీధంతా కలిసి నేసిన పట్టు శాలువా కప్పడానికి మా చిన్నాయన కూడా అప్పుడే వేదిక ఎక్కాడు.

ఫోను చేసినందుకే ఉరా అని బడిలో తోటి టీచర్లు అంటే నా నోరు ఊరుకునేది కాదు. చెప్పకపోతే మా చిన్నాయన బతికుండేవాడు, ఉరే సరి అని వాదించి అందరి నోళ్లూ మూయించేదాన్ని. ఆ ఉదయం మాత్రం నాకు సంతోషం కలగలేదు. కిటికీకి తల ఆనించి కూర్చున్నాను. పెనుకొండ దగ్గర కొండ మంచులో సగం కరిగిపోయినట్టుంది. కునుకు పట్టింది. చక్రాల మోత మగ్గాల మోతగా మారింది, చిన్నాయన నా చేతికి పేక దారం మోసే నాడె ఇచ్చి పోగుల మధ్య ఎట్లా విసరాలో నేర్పిస్తున్నాడు. రైలు దిగి ఇంటికి నడుస్తున్నా ఆ కల వదల్లేదు.

మా వీధిలో ఎవరు పోయినా శవం లేచేదాకా మగ్గాలన్నీ ఆగుతాయి. ఆగాకే ఆ ఇంటివాళ్లు గొంతెత్తి ఏడుస్తారు. జైలువాళ్లు ఇతని శవాన్ని ఇంటికి ఇవ్వరని తెలిసింది. శవమే రానప్పుడు ఆపడమెందుకని అందరూ నేస్తూనే ఉన్నారు. అసలు సంగతి అది కాదు. తమ్ముణ్ణి పోగొట్టుకున్న మా నాయన ఆపకుండా తామెట్లా ఆపుతామని వాళ్ల జంకు.

నేను చెప్పులు విడుస్తుండగా అతని తల్లి వచ్చింది. ఎనభై దాటిన మనిషి. కళ్లు పొడిగా ఉన్నాయి.

"అప్పా, నువ్వు ఆపితే అందురూ ఆపుతారు," అంది మగ్గం మీదున్న నాయనతో.

నాయన చెయ్యి ఆగలేదు. "చేసుకున్నోనికి చేసుకున్నంత. వానికి పడింది న్యాయమే పెద్దమ్మా."

"నేను కాదంటినా? ఉరి తప్పు అనల్యా. నేను ఏడ్చుకోవాల, అందుకే మగ్గాలు ఆపమంటాండా."

నేను ఉండబట్టలేకపోయాను. "నీ కొడుకు చెప్పకుంటే మా చిన్నాయన బతికుంటాండె గదవ్వా!"

"బతికుంటాండె తల్లీ." అవ్వ గోడ పట్టుకుంది. "మీ చిన్నాయన పోయిన దినం ఈ వీధిలో ముందు మగ్గం ఆపింది నా కొడుకే. వాడెందుకట్ల కూలబడిపాయనో నాకప్పుడు తెలీల్యా."

మగ్గం గుంతలో తొక్కుతున్న నాయన కాళ్లు ఆగిపోయాయి. ఆపింది కోపంతోనో జాలితోనో నేను ఇంతవరకూ అడగలేదు. పక్కింటి మగ్గం ఆగింది, తర్వాత దాని పక్కది. వీధి చివరిదాకా మోత అణిగిపోయాక అవ్వ మా గడప మీదే కూర్చుని ఏడ్చింది.

ఎవరైనా అడిగితే ఉరే సరి అని ఇప్పటికీ అంటాను. కానీ ఆ రోజు ఆమె పక్కన కూర్చుని నేనూ ఏడ్చాను, చిన్నాయన కోసమే అనుకుంటూ.