చెల్లీ అని పిలిచిన కత్తివీరుడు

సికింద్రాబాద్‌లో ఎటు చూసినా కంప్యూటర్ కోర్సుల బోర్డులే కనిపించే రోజులవి. సాఫ్ట్‌వేర్ ఉద్యోగం చేస్తున్న ఒక అమ్మాయిని చూడడానికి కాకినాడ నుంచి వెళ్లాను. ఆదివారం పొద్దున చర్చిలోనే చూపులైపోయాయి. తిరుగు రైలు సాయంత్రానికి గానీ లేదు. కాలక్షేపానికి, తెలుగులోకి డబ్ చేసిన ఒక చైనా సినిమాకి వెళ్లి కూర్చున్నాను. కత్తియుద్ధాల మధ్య ప్రేమకథ.

పక్క సీట్లో లాలాగూడ రైల్వే క్వార్టర్స్ నుంచి వచ్చిన ఒక పెద్దావిడ. హీరో నీళ్ల మీద పరిగెత్తినా, చిటారుకొమ్మన నిలబడి కత్తి తిప్పినా ఆవిడకి ఏ అభ్యంతరమూ లేదు. కానీ ఇద్దరూ ఒకే గురువు శిష్యులైనందుకు అతను హీరోయిన్‌ని "చెల్లీ" అని పిలిచి, ఆ వెంటనే ప్రేమగా చూసేసరికి, ఆవిడ చేతిలోని సమోసా సగంలో ఆగిపోయింది.

"గిదేందీ బిడ్డా, చెల్లె అనుకుంట గట్ల సూస్తుండు? మరదలంటే ఏం తక్లీఫ్?"

"వాళ్లలో అంతేనేమోనండి. మా చర్చిలోనూ అందరం బ్రదర్, సిస్టరే. అయినా పెళ్లిళ్లు జరుగుతూనే ఉన్నాయి," అన్నాను.

ఆవిడ సినిమా వదిలేసి నా వైపు తిరిగింది. పొద్దుటి చూపుల సంగతంతా రాబట్టింది.

"పిల్ల నచ్చిందా?"

"చాలా నచ్చిందండి."

"మరి పిల్లతోని ఏమన్నవ్?"

"వెళ్లొస్తాను సిస్టర్ అన్నానండి."

తెర మీద, మనసులో మాట చెప్పలేని హీరో కొండలు దాటుకుంటూ ఎగిరిపోతున్నాడు. ఆవిడ అతన్నీ నన్నూ మార్చి మార్చి చూసి, సమోసా కొరికింది.

"గట్లయితే నువ్వు సుత గిట్లనే ఎగురుకుంట పో, బిడ్డా. రైలెందుకు?"