అప్పన్న పేరు కోసం ఆండర్సన్‌పేటకు

మొన్న ఒక సభలో ఒక పెద్దమనిషి రెండో ప్రపంచ యుద్ధం గురించి మాట్లాడుతూ 'రంగూన్ విముక్తి' అన్నాడు. చప్పట్లు మోగాయి. నేను లేచి అడిగాను: విముక్తి ఎవరికండీ? జపాను సైన్యం వస్తోందంటే దొరలు నగరాన్ని వదిలేసి పోయారు. మూడేళ్లకు తిరిగొచ్చి, పాత జెండాను మళ్లీ ఎగరేసి, దానికి విముక్తి అని పేరు పెట్టుకున్నారు. ఆ రేవులో మూటలు మోసిన మన తెలుగు కూలీలు కొండలూ అడవులూ దాటి నడిచి, దారంతా రాలిపోయారే, వాళ్లకు ఎవరు ఎప్పుడు విముక్తినిచ్చారు? అధ్యక్షుడు టైమైపోయిందన్నాడు. మనం నోరు తెరిస్తే ఎప్పుడూ టైమైపోతుంది. బయట టీ దగ్గర స్టెల్లా అనే టీచరు పలకరించింది. "మా అవ్వ ఆ దారిలో నడిచి వచ్చిందే సార్. నవంబరు రెండున సమాధుల పండగకి కేజీఎఫ్ రండి. ఈసారి అవ్వకి ఆడ ఒక పని ఉండాది" అంది. అలా మొదలైంది ఈ ప్రయాణం.

కేజీఎఫ్ అంటే కోలారు బంగారు గనులు. బెంగళూరు నుంచి అక్కడి మారికుప్పం స్టేషనుకు నేరుగా ప్యాసింజరు రైళ్లున్నాయి. టికెట్టు ధర ఒక పూట టిఫిన్ ఖర్చంత కూడా ఉండదు, రెండున్నర గంటల ప్రయాణం. ఉదయం రైలే ఎక్కండి, ఎదురుగా బెంగళూరు పనికి పోయే జనం కిక్కిరిసి వస్తుంటారు గానీ ఇటు సీటు దొరుకుతుంది. బంగారుపేట దాటాక కిటికీలోంచి బూడిద రంగు దిబ్బలు కనబడతాయి. కొత్తవాళ్లు కొండలనుకుంటారు. కొండలు కావు, బంగారం తీసేసుకున్నాక మిగిలిన సైనైడ్ మట్టి. బంగారం ఓడలెక్కింది, మట్టి ఇక్కడే ఉండిపోయింది. గాలి లేస్తే ఈనాటికీ ఆ మట్టే ఇళ్లలోకి వస్తుంది.

మారికుప్పంలో దిగితే ఆటో డ్రైవరు నన్ను కిందా మీదా చూశాడు. "యాడికప్పా? సినిమా చూసి వచ్చినారా? హీరో ఇల్లు యాడ అని అడిగితే మాత్రం ఎక్కొద్దు, ఇంగ నాకు ఓపిక లేదు." ఆండర్సన్‌పేట, స్టెల్లా వాళ్ల అవ్వ ఫిలోమినమ్మగారి ఇల్లు అన్నాను. "సైరన్ అవ్వా! అట్ల చెప్పండి" అంటూ బండి తిప్పాడు.

ఆ పేరెందుకు వచ్చిందో ఇడ్లీ పెడుతూ అవ్వే చెప్పింది. తొంభైకి దగ్గరపడిన మనిషి, చెవి మాత్రం చురుకు. "రంగూన్‌లో సైరన్ కూస్తే పండుకోవల్ల, పండ్ల మధ్య పుల్ల పెట్టుకోవల్ల. అట్ల నేర్పించింది తర్వాత. మొదటి రోజు బాంబులేసినప్పుడు ఎవురికీ తెలీక అందరూ బజార్లో నిలబడి ఆకాశం చూసినారు. చూసినోళ్లు చూసినట్లే పోయినారు. మేం నడిచి నడిచి, యాడాడో తిరిగి, కడాకు ఈడికి వస్తిమి. తెల్లారి గనిలో షిఫ్టుకి సైరన్ కూసింది. నేను పరిగెత్తిపోయి మోరీలో పండుకున్నా, పుల్ల కరుచుకొని! కూలోళ్ల ఇండ్ల లైనంతా నవ్వింది. ఆ నవ్విన ఆడోళ్లే, గనిలో రాయి పేలి వేళకాని వేళ సైరన్ కూసినప్పుడు ఏడుస్తా పరిగెత్తినారు. అప్పుడు నేను నవ్వలేదప్పా."

"పని గురించి చెప్పు అవ్వా" అంది స్టెల్లా.

అవ్వ చేయి కడుక్కుని కూర్చుంది. ఆమెకో తమ్ముడు, అప్పన్న. మూడేళ్లవాడు. నాన్న కావడిలో ఒక బుట్టలో వాణ్ని, ఇంకో బుట్టలో బియ్యం పెట్టుకుని కొండలెక్కాడు. దొరల కుటుంబాలకు వేరే దారి, వేరే గుడారాలు. నల్లవాళ్ల దారిలో నీళ్లకే కొట్లాట. పిల్లాడికి జ్వరం వచ్చింది. ఒక మజిలీలో ఎవరో, జ్వరం పిల్లల్ని లారీలో ముందుకు తీసుకుపోతాం, వెనక నడిచి రండి అన్నారు. నాన్న బుట్ట అందించాడు. ముందున్న ఊళ్లో లారీ లేదు, బుట్ట లేదు.

"రంగూన్ మళ్లా తెల్లోళ్ల చేతికి వచ్చిందని ఈడ జెండాలు కట్టినారు. మా అమ్మ ఆ పొద్దు ఒక పిడికెడు బియ్యం ఎక్కువ పోసింది. 'దారి తెరిచినారు, ఇంగ వస్తాడు' అనింది. పోయేదాకా అదే మాట. బతికినోడికి కొవ్వొత్తి పెట్టకూడదు, పేరు రాయకూడదు అనింది. నేనూ రాయలేదు. ఇప్పుడు నేను పోతే వాడొకడు ఉన్న్యాడని తెలిసినోళ్లే ఉండరు గదా."

అందుకే ఆ మధ్యాహ్నం శ్మశానానికి నడిచాం. సమాధుల పండగంటే సున్నం వాసన, బంతిపూలు, చెరిగిన అక్షరాల మీద మళ్లీ నల్లరంగు. దొరల సమాధులు గోడ లోపల ఎత్తుగా, పాలరాతి మీద పుట్టుకా చావూ ఊరూ హోదా అన్నీ చెక్కి ఉన్నాయి. అవ్వ అమ్మానాన్నలది సిమెంటు దిమ్మె. పేర్లు రాసే పెయింటర్ అంతోనీ కుంచె తీసి, పేరు విని ఆగాడు.

"అప్పన్నా? బాప్తిస్మం పేరు లేదా అవ్వా? ఫాదర్ చూస్తే ఏమంటాడో."

"మేం చర్చిలో చేరింది ఈడికి వచ్చినంక రా. సింహాచలం దేవుడి పేరు వాడిది. నడిచేటప్పుడు ఎవుడూ అడగలేదు, నువ్వు అడుగుతావా? రాయి."

అంతోనీ నవ్వి రాశాడు. "పోయింది ఎప్పుడు?"

అవ్వ తల అడ్డంగా ఊపింది. "పుట్టింది రంగూన్ అని రాయి. ఇంగ చాలు."

అమ్మకు, నాన్నకు కొవ్వొత్తులు వెలిగించింది. మూడోది అప్పన్న పేరు కింద నిలబెట్టి కూర్చుండిపోయింది. గాలికి ఆరిన పక్కవాళ్ల కొవ్వొత్తిని వెలిగించడం అక్కడి మర్యాద. ఇదీ ఆరిందనుకుని, చుట్టూ అందరూ చేస్తున్నదే కదా అని నేను అగ్గిపుల్ల గీసి వంగాను. అవ్వ నా మణికట్టు పట్టుకుంది.

"ఉండనీ అప్పా. పేరు రాయిస్తా అన్న్యా గానీ, వాడు పోయినాడని నేను అన్న్యానా?" అగ్గిపుల్లను ఊదేసి, "వచ్చే ఏడు చూద్దాం" అంది.

సాయంత్రం రైల్లో నా కోపం ఏమీ చల్లారలేదు, చల్లారాలని నేను కోరుకోనూ లేదు. నగరాలు ఎప్పుడు పోయాయో, ఎప్పుడు తిరిగొచ్చాయో పుస్తకాల్లో తేదీలతో సహా ఉంటుంది. సామ్రాజ్యం పోగొట్టుకున్నది దానికి తిరిగి దక్కింది, మళ్లీ పోయింది, అది దాని గొడవ. కావడి బుట్టలో పెట్టి ఇచ్చిన పిల్లాడి లెక్క అడిగే కచేరీ మాత్రం ఆనాడూ లేదు, ఈనాడూ లేదు. ఆ లెక్కను ఒక అక్క తన ముసలి ప్రాణంతో మోస్తోంది, ఇంకా ఒక ఏడాది వాయిదా అడుగుతోంది. ఆమెకు ఏడాదులు ఎక్కువ లేవు. ఈ సంగతి ఆమెకే అందరికంటే బాగా తెలుసు.

నవంబరు రెండున మీరూ వెళితే ఒక్క జాగ్రత్త: అక్కడ ఆరిపోయిన కొవ్వొత్తిని వెలిగిస్తే సంతోషిస్తారు. ముందు వత్తి చూడండి. అది నల్లబడకుండా తెల్లగానే ఉంటే, ముట్టుకోకుండా పక్కకు తప్పుకోండి.