ముప్పయ్యో ఫారం

ఇంటికొకటి చొప్పున ముప్పై సర్వే ఫారాలు. ప్రతి ఫారంలో పన్నెండు ప్రశ్నలు, ప్రతి ప్రశ్నకు రెండు గడులు: ఉంది, లేదు. గడి బయట ఒక్క అక్షరం రాసినా ఫారం చెల్లదని మా సార్ ముందే చెప్పారు. ముప్పై పూర్తి కాకపోతే ఈ పేపరు పోతుంది, పేపరు పోతే ఫీజు రాయితీ పోతుంది, రాయితీ పోతే నా చదువే ఆగిపోతుంది. నేను భద్రాచలం అడవి అంచుకు బయలుదేరింది అందుకే. రాములవారి దర్శనానికని అమ్మ మాత్రం వాకిట్లో అందరికీ చెప్పుకుంది.

ఉదయం ఐదున్నరకు ఖానాపురం హవేలిలో షేర్ ఆటో ఎక్కి, ఖమ్మం బస్టాండులో ఆరు గంటల బస్సు అందుకున్నాను. ఆధార్ కార్డు చూసి కండక్టర్ ఆడవాళ్లకిచ్చే ఉచిత జీరో టికెట్ చేతిలో పెట్టాడు. అవతలి సీట్లో సారపాక పేపరు మిల్లులో కాంట్రాక్టు పని చేసే ఒకాయన కూర్చున్నాడు. ఏం చదువుతున్నావని అడిగితే గ్లోబల్ హెల్త్ అన్నాను.

"అంటే డాక్టరే గదా?"

"కాదన్నా. మా కాలేజీలో అన్నీ కొంచెం కొంచెం నేర్పుతారు. ఆరోగ్యం, ఆర్థికశాస్త్రం, పోయినసారి నాటకం."

ఆయన కాసేపు ఆలోచించి ప్యాంటు పైకి మడిచాడు. "ఐతే గీ మోకాలు జర చూడు చెల్లె."

నాటకం పేపరు అక్కడ పనికొచ్చింది. గంభీరంగా తల పంకించి, వేడినీళ్ల కాపడం పెట్టుకోమన్నాను. ఆయన చాలా తృప్తి పడ్డాడు.

కొత్తగూడెంలో బస్సు పది నిమిషాలు ఆగింది. అక్కడ ఇడ్లీ తినవచ్చు, చట్నీ జోలికి వెళ్లకండి. సారపాకలో మోకాలన్న దిగిపోయాడు. వంతెన దాటి తొమ్మిదింబావుకు భద్రాచలం చేరాం. దుమ్ముగూడెం ఆటో నిండితే గానీ కదలదు, నిండాక ఇంకో ముగ్గురు ఎక్కితే గానీ డ్రైవరుకు అది నిండినట్టు అనిపించదు. ఆటో దిగేసరికి ఆశా కార్యకర్త నాగమణి అక్క స్కూటీ మీద ఎదురు చూస్తోంది. అక్కడి నుంచి అరగంట మట్టి రోడ్డు.

"ఊళ్లో ఎన్ని ఇళ్లున్నాయక్కా?"

"ఇరవై తొమ్మిది మేడం."

"నాకు ముప్పై కావాలి."

"ముప్పయ్యోది కావాల్నంటే ఎవరన్న లగ్గం చేసుకొని వేరు పడాలె. గీ నెలల ఐతే లేదు," అంది, నిజంగానే బాధపడుతూ.

పదకొండింటికి పని మొదలుపెట్టాను. ఏ ఇంటికి వెళ్లినా ముందు వాకిట్లో కూర్చోబెట్టి నీళ్లిచ్చారు. తాగేదాకా కదలనివ్వలేదు. తర్వాత లోపలికి పిలిచేవారు. మంచం మీద దోమతెర చక్కగా వేలాడుతూ ఉండేది. నేను "ఉంది" గడిలో టిక్కు పెట్టేదాన్ని. పది ఇళ్లకూ పది టిక్కులు పడ్డాయి. ఇంత శ్రద్ధ ఉన్న ఊరిని సార్ కూడా చూసి ఉండరని పొంగిపోయాను.

పదకొండో గ్లాసు తాగాక నాకు వేరే అవసరం వచ్చింది. నాగమణి అక్క అడ్డుపడుతున్నా వినకుండా దొడ్డివైపు పరుగెత్తాను. మలుపులో ఒక ముసలాయన నన్ను ఢీకొట్టబోయి ఆగాడు. అక్క మామ, సోమయ్య తాత. ఆయన భుజం మీద ఎర్ర గుడ్డతో మాసిక వేసిన దోమతెర ఉంది. ఆ మాసికను నేను ఉదయం నుంచి ప్రతి ఇంట్లోనూ చూస్తూనే ఉన్నాను.

"ఇంకో గ్లాసు తాగు బిడ్డా," అన్నాడు ఆయాసపడుతూ. "ఇంకా కట్టలే."

అక్క తల పట్టుకుంది. "ఏం చెయ్యాలె మేడం? ఇంట్ల మంచానికి తెర లేకుంటే వచ్చినోళ్లు గంటసేపు క్లాసు పీకుతరు. కోతల పని ఆగిపోతది. అందుకే ఒకటి పక్కకు పెట్టుకున్నం. గిది సర్వేల తెర."

"మరి మిగతావి? ఇంటికొకటి పంచారు కదా!"

"చేన్ల ఉన్నయ్."

నాకు కోపం వచ్చింది. చూపించమన్నాను. ఊరి వెనక వరి పొలాలు, వాటి వెంట కాపలా పాకలు. అడవి పందులు రాకుండా కోతలయ్యేదాకా ప్రతి ఇంటి నుంచి ఒకరు అక్కడే పడుకుంటారు. ప్రతి పాకలోనూ తెర ఉంది. చిరిగిన చోట కుట్టి, అంచులు చాప కింద దోపి ఉన్నాయి.

"దోమలు యాడుంటే తెర ఆడ ఉండాలె గద," అన్నాడు తాత. "మీ కాయితంల చేనుకు గడి లేదా?"

లేదు. నాకు సిగ్గేసింది. వాళ్లు ఆడిన అబద్ధానికి కాదు, రెండేళ్లు చదివి ఆ ప్రశ్న నాకు తట్టనందుకు.

"మీ ఇంట్ల తెర ఉందా?" అని అడిగాడు.

"లేదు తాతా. కాయిల్ వెలిగిస్తాం."

"మరి మీకు సర్వేలోళ్లు రారా?"

"రారు."

"అదృష్టవంతులు," అన్నాడు మనస్ఫూర్తిగా.

మిగతా ఇళ్లు మూడున్నరకల్లా పూర్తయ్యాయి. తాతకు విశ్రాంతి దొరికింది, నాకు నీళ్ల బాధ తప్పింది. ఐదు గంటల పది నిమిషాలకు భద్రాచలంలో ఖమ్మం బస్సు ఎక్కి, ఒడిలో ఫారాలు పెట్టుకున్నాను. "ఉంది" అంటే అబద్ధం. "లేదు" అంటే ఇంకా పెద్ద అబద్ధం. పెట్టిన పది టిక్కులూ కొట్టేసి, ఇరవై తొమ్మిది ఫారాల మీదా గడి బయట ఒకే మాట రాశాను: తెర చేలో ఉంది, మనిషి అక్కడే పడుకుంటాడు.

పాల్వంచ దాటాక సార్ ఫోన్ చేశారు. చేసింది చెప్పేశాను.

"గడి బయట రాశావా? అవి చెల్లవమ్మా."

"తెలుసు సార్. రేపు అవే తెస్తాను."

ఆయన ఏదో అనబోతుండగా సిగ్నల్ పోయింది. రాయితీ సంగతి నాకు ఇంకా తెలియదు. అటు వెళ్లేవాళ్లకు చెప్పేది ఒకటే, ఎవరైనా నీళ్లిస్తే తాగండి గానీ, దొడ్డివైపు కూడా ఒకసారి చూడండి.

ఖమ్మం దీపాలు కనిపిస్తుండగా మిగిలిన ఫారం తీశాను. ఊరు: ఖానాపురం హవేలి. ఇంటి యజమాని: మా నాన్న. దోమతెర: లేదు. టిక్కు గడి లోపలే చక్కగా పడింది. ముప్పైలో చెల్లే ఫారం అదొక్కటే.