మైకు తాత గొంతు

వినదగ్గ సంగీతం ఏదైనా చెప్పమని ఎవరైనా అడిగితే నాకు ముందు గర్వంగా ఉంటుంది, ఆ వెంటనే కంగారు పుడుతుంది. అల్లూరులో నేను పాఠం చెప్పే బడిలో నాకు సంగీతం తెలిసిన టీచరమ్మ అని పేరు. ఉద్యోగం వచ్చిన కొత్తలో రెండేళ్లు, ఆదివారం ఆదివారం నెల్లూరు వెళ్లి పాట నేర్చుకున్నాను. నా చదువు అంతే. చేపలు పట్టే ఇంటి పిల్ల కీర్తన పాడుతుందంటే జనానికి అదొక వింత కాబట్టి ఆ పేరు అట్లా నిలిచిపోయింది. నేనూ కాదనలేదు.

నాకు ప్రాణమైనవి నాలుగున్నాయి. మొదటిది నాదస్వరం మీద తోడి రాగం. పల్లవి దాకా కూడా పోనక్కర్లేదు, ఆలాపన చాలు. రెండోది వీణ మీద హిందోళం. ఏడు స్వరాల్లో రెండింటిని వదిలేసి ఐదింటితోనే అంత నిండుగా ఎట్లా ఉంటుందో నాకు ఇప్పటికీ ఆశ్చర్యమే. మూడోది వయొలిన్ మీద సహాన. ఎవరో తప్పు చేసి, మన పక్కన కూర్చుని మెల్లగా ఒప్పుకుంటున్నట్టు ఉంటుంది. ఈ మూడింటి గురించి నాకు ఏ అనుమానమూ లేదు, ఎవరు అడిగినా రాసిస్తాను. నాలుగోది బిలహరి రాగంలో ఒక కీర్తన. గొడవంతా దాని దగ్గరే.

ఆ కీర్తన నేను విన్నది మా పాళెం రామాలయం మైకులో. జువ్వలదిన్నెకు దక్షిణంగా, ఇసుక దిబ్బల మీద ఉంటుంది మా పాళెం. గుడికి ఒక టేప్‌రికార్డరు, దానికి ఒకే ఒక క్యాసెట్టు ఉండేవి. తెల్లవారుజామున పూజారి అది పెట్టేవాడు. ఎవరిదో మగ గొంతు, వయసు మళ్లిన గొంతు, బరువుగా, తొందర లేకుండా పాడేది. ఆయన పేరు ఎవరికీ తెలియదు. క్యాసెట్టుకు అట్ట లేదు, దాని మీద అక్షరాలు ఎప్పుడో అరిగిపోయాయి. అందుకని పాళెమంతా ఆయన్ని మైకు తాత అనేవాళ్లం. పండగ నాడు ఇంట్లో పాయసం వండితే మా అమ్మ 'మైకు తాతకు కూడా పెట్టండి' అని వేళాకోళం చేసేది.

చలికాలం పొగమంచు పడితే ఆ పాటకు ఇంకో పని ఉండేది. వేటకు పోయిన పడవలకు ఒడ్డు కనపడదు. అట్లాంటి పొద్దుల్లో ఆడవాళ్లు గుడి దగ్గర చేరి, చివరి పడవ వచ్చేదాకా పాట ఆపవద్దని పూజారికి చెప్పేవాళ్లు. పాట అయిపోగానే ఆయన టేపు వెనక్కి తిప్పి మళ్లీ అదే పెట్టేవాడు. పడవల మీద మగవాళ్లు మోటారు ఆపి, పాట ఏ పక్కనుంచి వస్తున్నదో విని అటు తిప్పుకునేవాళ్లు. నాకంటే పదేళ్లు పెద్దదైన మా అక్క, పెళ్లయిన మొదటి ఏడు నుంచీ ఆ గుంపులో ముందు నిలబడేది. బావ పడవ ఎప్పుడూ చివరే వచ్చేది. వేటలో ఆశ ఎక్కువ ఆయనకు.

నెల్లూరులో నా గురువు గారికి నేను మొట్టమొదట పాడి వినిపించింది ఆ బిలహరే. మైకు తాత ఎట్లా పాడేవాడో అట్లాగే, ఎక్కడ ఊపిరి తీసేవాడో అక్కడే తీసి పాడాను. ఆవిడ సగంలోనే చెయ్యెత్తి ఆపేసింది.

"ఎవరమ్మా నీకు ఇట్లా నేర్పింది? బిలహరి పొద్దున్నే లేచి పనిలోకి దిగినట్టు ఉండాలి. నువ్వు చాప మీద పొర్లుతున్నావు. ఎందుకట్లా సాగదీస్తావు?"

"పెద్ద విద్వాంసులే ఇట్లా పాడారండీ" అన్నాను నేను, మొండిగా.

"ఎవరా విద్వాంసులు?"

మైకు తాత అని ఎట్లా చెప్పను? రెండేళ్లలో ఆవిడ నాకు కాలప్రమాణం, అంటే పాట నడక, బాగానే నేర్పింది. కానీ లోపల మాత్రం ఆవిడే తప్పు, మా తాతే ఒప్పు అనుకుంటూ వచ్చాను. ఒకసారి కచేరీ అయ్యాక ఒక పెద్దమనిషితో ఈ విషయం మీదే గట్టిగా వాదించాను కూడా. ఇప్పుడు తలుచుకుంటే ముఖం ఎక్కడ పెట్టుకోవాలో తెలియదు.

ఇదంతా పాతమాట. మొన్న చలికాలంలో అక్కకు చెవి ఆపరేషను అన్నారు. కుడి చెవి చిన్నప్పుడే చీముపట్టి పోయింది. ఇన్నేళ్లూ ఎడమ చెవితోనే నెట్టుకొచ్చింది. ఇప్పుడు ఆ ఎడమ చెవి వెనక ఎముకలోకి కూడా చీము దిగింది, కోసి తీయకపోతే తలలోకి పోతుందని నెల్లూరు డాక్టరు చెప్పాడు. తీశాక వినపడుతుందా అని అడిగితే, "ప్రాణానికి భయం లేదు. వినికిడికి మాత్రం నేను మాట ఇవ్వలేను" అన్నాడు. పది రోజుల గడువు ఇచ్చాడు.

ఆ పది రోజులకు అక్కను నేను మా ఇంటికి తెచ్చుకున్నాను. వినపడుతున్నప్పుడే మంచివన్నీ వినిపించాలని నా తాపత్రయం. ఫోనులో నాకు ఇష్టమైనవన్నీ వరసగా పెట్టి, ఇయర్‌ఫోను దాని ఎడమ చెవిలో పెట్టాను. తోడి విని, "ఈయనకు ఊపిరి యాడుండాదే తల్లీ, ఇంతసేపు!" అంది. హిందోళానికి కళ్లు మూసుకుంది, నిద్రపోయిందేమో అనుకున్నాను. సహాన వింటుంటే దాని కళ్లలో నీళ్లు తిరిగాయి. నాకు గెలిచినట్టు అనిపించింది. పాట అయిపోగానే ఇయర్‌ఫోను తీసి నా చేతిలో పెట్టింది.

"అన్నీ బాగుండాయి మే. ఇంక మనది వెయ్యి. తాతది."

అక్కడ దొరికిపోయాను. తాత పాట నేను వెతకని చోటు లేదు. ఆ కీర్తనను ఎంతమంది మగవాళ్లు పాడారో అందరివీ విన్నాను. సంగీతం గ్రూపులో రాసి అడిగాను. ఒక్కటీ ఆ గొంతు కాదు. గుడిలో ఇప్పుడు పెన్‌డ్రైవు, కొత్త పాటలు. క్యాసెట్టు ఏమైందో పూజారి కొడుక్కి తెలియదు. "దొరకలేదక్కా" అని చెప్తే అక్క "పోన్లే" అని గోడవైపు తిరిగి పడుకుంది. అరిచినా బాగుండేది. ఆ పోన్లే నన్ను రెండు రోజులు కూర్చోనివ్వలేదు.

ఆపరేషను ఇంక నాలుగు రోజులుందనగా, గుడికి మైకు పెట్టిన ఆయన గుర్తొచ్చాడు. అల్లూరు రోడ్డులోనే ఆయన మైకుసెట్టు షాపు. ముసలివాడైపోయాడు కానీ ఏదీ పారేయడు. నేను చెప్పింది విని, గుడి నుంచి తెచ్చిన పాత సామాను అట్టపెట్టెను అటక మీంచి దించి, అడుగు నుంచి ఆ క్యాసెట్టే తీశాడు. మా పూజారి కుంకుమ బొట్టు దాని మీద ఇంకా ఉంది. ఆయన ఒక టేపులో పెట్టి నొక్కాడు.

ఆడగొంతు. పడుచు గొంతు. చకచకా, హుషారుగా, సరిగ్గా మా గురువు గారు చెప్పిన నడకలో బిలహరి పాడుతున్నది.

"ఇది కాదన్నా" అన్నాను. "మాది మగాయన పాడింది."

ఆయన నవ్వడం మొదలుపెట్టి, దగ్గు వచ్చేదాకా నవ్వాడు. "ఇదే టీచరమ్మా. మీ గుడి సముద్రానికి ఎదురుగా గదా. ఉప్పుగాలికి టేపులో బెల్టు సాగిపోయింది. బెల్టు సాగితే చక్రం నిదానంగా తిరుగుతాది. అప్పుడు పాటా నిదానిస్తాది, గొంతూ బరువెక్కతాది. ఈయమ్మే మీకు తాత అయిపోయింది."

"మరి నువ్వు బాగు చేయలేదా?"

"ఎందుకు చేయలా! ఒకసారి కొత్త బెల్టు ఏసినా. ఆ పొద్దు మీ పాళెమోళ్లు నన్ను కొట్టబోయినారు. మా తాతను తీసేసి ఎవురో ఆడమనిషిని పెట్టినావంటారు. పాట మారితే పడవలకు గుర్తు తెలీదంటారు. చేసేదేముంది, కొత్తది పీకి సాగిందే మళ్లీ ఏసినా. ముందర నిలబడి అరిచింది మీ అక్కే."

ఆ రోజుల్లో నేను హాస్టల్లో ఉన్నాను, నాకు ఇదేమీ తెలియదు. షాపు ముందు ప్లాస్టిక్ కుర్చీలో కూలబడ్డాను. నాకు ఏమీ అర్థం కాలేదు. క్యాసెట్టులో ఆవిడ ఎన్నడూ అట్లా పాడలేదు. ఏ తాతా అట్లా పాడలేదు. మరి నేను ఇన్నేళ్లు ప్రేమించింది ఎవరిని? సాగిపోయిన ఒక రబ్బరు ముక్కనా? దాని కోసమా నేను గురువు గారితో మొండికేసింది, ఊరూ పేరూ తెలియని పెద్దమనిషితో తగాదా పడింది? నవ్వు వచ్చింది, వెంటనే ఏడుపు వచ్చింది, రెండూ ఒకదానికొకటి అడ్డం పడి ఏదీ పూర్తిగా రాలేదు.

మర్నాడు అక్కను షాపుకు తీసుకుపోయాను. బావ కూడా వచ్చాడు. సంగతంతా అక్కకు ఎడమ చెవిలో గట్టిగా చెప్పాను. నమ్మలేదు. క్యాసెట్టు మామూలుగా పెడితే ముఖం చిట్లించి, "ఎవుతే ఈమె? ఏంది ఆ తరుముకోడం?" అంది.

"నువ్వు అరిచినావంట గదక్కా, కొత్త బెల్టు వేస్తే?"

"అరవనా మరి! ఆ పొద్దు మీ బావ ఇంకా రాలా. మంచు. పాట మారిపోతే ఇంకేదో ఊరనుకొని అట్నే పోతే?"

"నాకు పాట ఏందో యాడ తెలిసింది లే" అన్నాడు బావ తాపీగా. "మోత యాడ ఉంటే ఆడికి తిప్పేవోళ్లం."

అక్కకు అది వినపడలేదు. వినపడకపోవడమే మంచిదైంది.

మైకుసెట్టు ఆయన టేపు వెనక మూత విప్పాడు. లోపలి మోటారుకు ఒక సన్న రంధ్రం ఉంటుంది, అందులో చిన్న స్క్రూడ్రైవరు పెట్టి తిప్పితే వేగం తగ్గుతుంది. అక్క ఎడమ చెవిని స్పీకరుకు ఆనించి కూర్చుంది. ఆయన తిప్పుతూ పోయాడు. పాట నెమ్మదించింది, గొంతు దిగింది, వయొలిన్ ముసలిదైంది. పడుచుపిల్ల నడివయసుకు వచ్చింది, ఆ తర్వాత ఆడో మగో తెలియని గొంతైంది.

"చాలన్నా, ఇదే" అన్నాను నేను.

అక్క తల అడ్డంగా ఊపింది. ఆయన ఇంకొంచెం తిప్పాడు. నాకు ఏ తేడా తెలియలేదు. ఇంకొంచెం. అక్క గబుక్కున చెయ్యెత్తింది.

"ఆఁ. ఆడే ఉంచు. వచ్చినాడు."

తాత వచ్చాడు. సంగీతం నేర్చుకున్నది నేను, చీముపట్టిన ఒక్క చెవితో వెంట్రుకవాసి తేడా పట్టుకున్నది అక్క. ఎవరికి సంగీతం తెలుసో ఆ నిమిషాన నాకు బోధపడలేదు. పాట మూడుసార్లు వేయించుకుంది. మూడోసారి అయ్యాక బావ చెయ్యి పట్టుకుని లేచి, "ఇంక కోసుకోనీ" అంది.

ఆపరేషను అయింది. వారం తర్వాత కట్టు విప్పారు. లోపల ఇంకా దూది ఉంటుంది, వాపు ఉంటుంది, ఇప్పుడే ఏమీ చెప్పలేము అన్నాడు డాక్టరు. అక్క ఎవరు పలకరించినా నోటివైపు చూస్తూ తల ఊపుతున్నది. వినపడుతున్నదో, పెదాలు చూసి ఊపుతున్నదో మాకు అంతుబట్టలేదు. అడగడానికి నాకు ధైర్యం చాలలేదు. బావ వరండాలోకి పోయి నిలబడ్డాడు.

సాయంత్రం అక్క కిటికీవైపు తిరిగి పడుకుని ఉంది. నేను దాని వీపు వెనక స్టూలు మీద కూర్చున్నాను. ఏదో ఒకటి తేలిపోవాలి అనుకుని, ఫోను కూడా తీయకుండా, గొంతు సవరించుకుని ఆ బిలహరి కీర్తన పల్లవి ఎత్తుకున్నాను. భయానికో అలవాటుకో గురువు గారి నడకే వచ్చింది. చకచకా పాడేశాను. అక్క కదల్లేదు. రెండోసారి ఇంకా గట్టిగా పాడాను. పక్క మంచం ఆవిడ లేచి కూర్చుంది. అక్క అట్లాగే పడుకుని ఉంది. అయిపోయింది, ఇంతే అనుకున్నాను.

అప్పుడు అక్క, ఇటు తిరక్కుండానే, విసుగ్గా అంది.

"యాడికే ఆ తొందర? ఇంకా పడవలు రాలా."

నేను ముక్కు తుడుచుకుని, మొదటినుంచి, నిదానంగా ఎత్తుకున్నాను.