ఆయన పట్టిన తడిగుడ్డ

మా ఆయన రాగి పైపులకు టంకం పెట్టేవాడు. శంషాబాద్ చుట్టుపక్కల, ఎయిర్‌పోర్టును నమ్ముకుని లేచిన హోటళ్లలో మాకు పని ఉండేది. పెళ్లయిన కొన్నేళ్లకు నేనూ ఆయన వెంట పోవడం మొదలుపెట్టాను. పైపు చివరలు గరుకు కాగితంతో మెరిసేదాకా రుద్దడం, టంకం అంటుకునే పేస్టు పూయడం, వాల్వుకు తడిగుడ్డ చుట్టి పట్టుకోవడం నా వంతు. వాల్వు లోపల నీటిని ఆపే మెత్తటి సీలు ఉంటుంది. మంట వేడి దానిదాకా పోతే పాడైపోతుంది. పైకి అతుకు ఎంత అందంగా ఉన్నా ఆ వాల్వు ఇక నీళ్లను ఆపదు.

ఆయనకు షుగర్ కళ్లలోకి దిగిందని, పోయిన చూపు తిరిగి రాదని దవాఖానలో చెప్పారు. అయినా ఆయన పని మానలేదు.

ఒకరోజు నేను పక్క గదిలో పైపులు రుద్దుతుంటే, ఆయనొక్కడే ఒక బాత్‌రూంలో వాల్వు అతికించాడు. నీళ్లు వదిలాక ఎంత తిప్పి మూసినా ధార ఆగలేదు.

"ఏమండీ, ఇలా అవడం ఇది రెండోసారి. కొత్తది వేసేయండి," అని సూపర్‌వైజర్ మర్యాదగానే చెప్పి వెళ్లాడు.

నేను వంగి చూశాను. ఇత్తడి వాల్వు నల్లగా కమిలి ఉంది.

"మంట ఏడ తాకింది?" అనడిగాడు ఆయన.

అబద్ధం చెబుదామంటే నోరు రాలేదు. "వాల్వు మీదనే."

ఆయన గ్యాస్ టార్చ్ నా చేతిలో పెట్టి, బకెట్లోంచి గుడ్డ తీసి పిండాడు.

"ఇగ నువ్వు పెట్టు. గుడ్డ నేను పడత."

"నాతోని కాదయ్యా."

"ఇన్నేండ్ల సంది చూస్తలేవా? వాల్వు తెరిచి పెట్టు. మంట అతుకు దిక్కే ఉండాలె. టంకం తీగను అవతల దిక్కు ఆనియ్యి. జర ఆగితే అదే గుంజుకుంటది."

కొత్త వాల్వు పెట్టి అలాగే చేశాను. తీగ కరిగి అతుకు చుట్టూ వెండి గీతలా పాకింది. మంట తీసి, చల్లారేదాకా ఆగి నీళ్లు వదిలాను. వాల్వు మూస్తే చుక్క కూడా రాలేదు. సంతోషం పట్టలేక ఆయన వైపు తిరిగాను.

ఆయన చూపుడువేలు చివర బొబ్బలెక్కి ఉంది. గుడ్డ అంచు దాటి పైపుకు తగిలినట్టుంది.

"వేలు కాలింది గద! చెప్పవేందయ్యా?"

వేలును ముఖం దగ్గరికి తెచ్చుకుని, బొటనవేలితో తడిమి చూసుకున్నాడు.

"తెల్వలే," అన్నాడు.

చూపుతో పాటు వేళ్లలో స్పర్శ కూడా పోయిందని, ఇక గుడ్డ పట్టడానికి కూడా ఆయన్ను తీసుకుపోలేనని ఇద్దరికీ అప్పుడే అర్థమైంది. బొబ్బ మీద చన్నీళ్లు పోస్తూ ఉండిపోయాను.

ఇప్పుడు పక్కింటి అక్కను తోడు తీసుకుని కొత్తూరు, షాద్‌నగర్ దాకా పనులకు పోతున్నాను. పని బాగానే దొరుకుతోంది. మొదట్లో నేను ఇంటికి రాగానే ఆయన అన్నీ అడిగేవాడు. ఎంత లావు పైపు, ఏ మూలన అతుకు, ఆ సందులో చెయ్యి పట్టిందా లేదా అని. నేను చెబుతుంటే ఆయన చేతులు గాలిలో కదిలేవి. ఈ మధ్య అడగడం మానేశాడు. అడగనప్పుడు నాకూ చెప్పబుద్ధి కాదు. అన్నం పెట్టి, కంచంలో కూర ఏ పక్కన ఉందో చెబుతాను.